ఆయన నిజంగానే పిరికివాడు

ఆడియో కథల యాప్‌లో నా సీరియల్ రెండో సీజన్ ఈమధ్యే మొదలైంది. నా సీరియల్ అంటున్నాను గానీ ఈసారి రాసింది నేను కాదు. నేను రాయనన్నాను. హక్కులు వాళ్ళవి కాబట్టి ఇంకెవరినో పెట్టి రాయించుకున్నారు. వినకూడదు అనుకుంటూనే విన్నాను. మొదటి భాగంలోనే సంగతి తేల్చేశారు. నా కథలోని సైనికుడు, నాయక్, పిరికివాడు కాదట. మొదటినుంచీ ధైర్యవంతుడేనట. శత్రువు కన్నుగప్పడానికి పిరికివాడిలా నటించాడట. కింద కుప్పతెప్పలుగా కామెంట్లు. 'మాకు ముందే తెలుసు' అని ఒకడు. 'పైకి పిల్లి, లోపల పులి' అని ఇంకొకడు.

ఫోను సోఫా మీదికి విసిరేశాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, "మీరు పెట్టిన పాదే కదండీ, కాయలు కాస్తుంటే అంత కోపమెందుకు?" అంది. ఆ మాట నిజం. నిజం కాబట్టే ఒళ్ళు ఇంకా మండింది.

ఆ నాయక్ పుట్టింది నా తలలోంచి కాదు. మా పై వాటాలో అద్దెకున్న ఒక మనిషిలోంచి. ఆయన నిజంగానే పిరికివాడు. ఆ మాట ఆయనే చెప్పాడు. చాలాసార్లు, చాలామందికి, ఏ మెలికా లేని మాటల్లో చెప్పాడు. విన్నవాళ్ళం నమ్మలేదు. అందులో మొదటివాణ్ణి నేను. అందుకే ఇది రాస్తున్నాను.

నాకు కూడు పెట్టే పని దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు మేటర్ రాయడం. ఫ్లెక్సీల మీదా, కరపత్రాల మీదా ఉండే రాతను మా వృత్తిలో మేటర్ అంటారు. 'మీ యూనిఫాం కల, మా బాధ్యత' లాంటివి. ఒక ర్యాంకు వచ్చినవాడి ఫొటో మూడు సంస్థల ఫ్లెక్సీల మీద కనిపించిందంటే, ఆ మూడు మేటర్లూ నేనే రాసి ఉండవచ్చు. అబద్ధం రాయకుండా అబద్ధం చెప్పడం ఎలాగో ఇరవై ఏళ్ళుగా ఆ రోడ్డు మీద నేర్చుకున్నాను. ఏ మాట రాయాలన్నది కాదు కిటుకు. ఏ మాట తీసెయ్యాలన్నది.

మా ఇల్లు కొత్తపేటలో. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మా నాన్న కట్టినది. పై వాటాలో ఆయన భార్యతో దిగాడు. సైన్యంలో లారీ డ్రైవరుగా చేసి, నాయక్ హోదాలో పింఛను పుచ్చుకుని వచ్చాడు. ఒక కోచింగ్ సెంటర్లో కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారయ్యే పిల్లల చేత రోజూ పొద్దున్నే సరూర్‌నగర్ గ్రౌండులో పరుగులు తీయించేవాడు. వీధంతా మిలిట్రీ సార్ అని పిలిచేది. నేనూ అలాగే పిలిచాను.

ఆ వేసవిలో మా బోరు ఎండిపోయింది. నీళ్ళ ట్యాంకర్ వస్తే నేనూ ఆయనా కిందికి దిగి, పైపు సంపులో పెట్టి, నిండేదాకా గోడ నీడన నిలబడేవాళ్ళం. ట్యాంకర్ డ్రైవరు బండి వెనక్కి తీసే తీరు చూసి ఆయన, "గేరు ఆగమాగం జేస్తున్నడు," అన్నాడు. తర్వాత, "నేను గూడ గిదే పని జేసిన సార్. బండి నడుపుడు," అన్నాడు.

"యుద్ధం చూశారా?" అని అడిగాను.

"యుద్ధమే నన్ను జూసింది. నేను బండి కింద పండుకున్న."

నేను నవ్వాను. నవ్వనిచ్చాడు. కొండదారిలో సరుకు లారీలు వరసగా వెళ్తుంటే పైనుంచి కాల్పులు మొదలయ్యాయట. ఆయన తలుపు తెరుచుకుని దూకి లారీ కిందికి దూరిపోయాడట.

"మొఖమంత గ్రీసు. చెవుల చీమ జొచ్చింది. తీసుకుందామంటే చెయ్యి లేస్తలేదు. నీ కాల్మొక్త, కుట్టకని చీమకు దండం పెట్టిన. దేవుళ్ళ పేర్లన్నీ సదివిన సార్. అవి ఒడిసినయ్. గప్పుడు మా ఇంటి బర్రెల పేర్లు సదివిన."

నేను గోడకు ఆనుకుని పొట్ట పట్టుకున్నాను. ఆయన మొహంలో మాత్రం నవ్వు లేదు. అదే గొంతుతో చెప్పుకుంటూ పోయాడు.

"ముంగట బండి నా దోస్తుది. మా పక్క ఊరోడే. ఒక్కనాడే భర్తీ అయినం. ఆనికి తగిలింది. రోడ్డు మీద పడ్డడు. నన్ను పిలిచిండు, పేరు పెట్టి. శానసేపు పిలిచిండు. నాకు ఇనవడ్డది సార్. పోలే."

ట్యాంకర్ మోటారు చప్పుడు చేస్తోంది. ఆయన కొంచెం గొంతు పెంచాడు, వినబడదేమోనని.

"కాల్పులు ఆగినంక పోయిన. అప్పటికే పానం బోయింది. శవాన్ని భుజాన ఏస్కొని బండిల పండవెట్టి కిందికి తెచ్చిన. పెద్దసారు భుజం తట్టిండు. నేను పిరికోణ్ణి సార్, పిలిస్తె పోలేదని చెప్పిన. ఆయన నవ్విండు. గంత వినయం వద్దన్నడు."

సైన్యం నుంచి సెలవు మీద వచ్చినప్పుడు ఆయన ఆ స్నేహితుడి ఇంటికి వెళ్ళాడట. సాగర్ రోడ్డు మీద ఒక ఊరు. తల్లికి మొత్తం చెప్పాడట. ఆమె లేచి ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. మరుసటి ఏడాది అదే రోజున మళ్ళీ వెళ్ళాడు. వాకిట్లో కూర్చుని వచ్చాడు. ఆ పై ఏడాది ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టింది. అలా ఏడాదికొక అడుగు చొప్పున లోపలికి రానిచ్చింది.

"ఇప్పుడు వాని దినం నాడు పోతే అన్నం పెడ్తది. నేను చెప్పింది చెప్పినట్టు నమ్మిన మనిషి దునియాల ఆమె ఒక్కతే. ఆ ఇల్లొక్కటి నాకు ఉంటే సాలు సార్."

నేనేమన్నానో తెలుసా? "మీరు చాలా గొప్పవారండీ," అన్నాను. ఆయన నావైపు అదోలా చూశాడు. పరాయి భాషవాడికి దారి చెప్పి, అర్థమైందో లేదో తెలియక చూసినట్టు చూశాడు. సంపు నిండింది. పైపు చుట్టుకుని పైకి వెళ్ళిపోయాడు.

యాప్ వాళ్ళు అప్పట్లో నన్ను ఏదైనా హాస్య సీరియల్ అడుగుతున్నారు. నాకు చిన్నప్పటినుంచీ అంతరిక్ష కథల పిచ్చి. ఆ రాత్రే మొదలుపెట్టాను. వెయ్యేళ్ళ తర్వాత గ్రహాల మధ్య యుద్ధం. మన సైన్యంలో నీళ్ళ ట్యాంకర్ నౌక నడిపే ఒక నాయక్. పిరికివాడు, ఆ మాట తనే అందరికీ చెప్పుకుంటాడు. యుద్ధం మొదలవగానే ఉల్లిగడ్డల గోదాములో దాక్కుంటాడు. కంగారులో వెనక తలుపు తన్నితే ఉల్లిగడ్డలన్నీ శూన్యంలోకి పోయి శత్రునౌకల గొట్టాలకు అడ్డం పడతాయి. శత్రువు నాశనం. నాయక్‌కు పతకం. "నేను పారిపోతున్నాను సార్" అని మొత్తుకుంటాడు. సేనాధిపతి కళ్ళు తుడుచుకుని, "ఎంత వినయం" అంటాడు. ప్రతి భాగమూ ఇంతే. వాడు పారిపోవడం, అందరూ బతకడం, వాడికి పతకం. వాడికి ఊతపదం కూడా పెట్టాను: "ముందు మీరు పదండి సార్, వెనక నేనున్నా."

చీమను వాడుకున్నాను. గ్రీసును వాడుకున్నాను. బర్రెల పేర్లు కూడా వాడుకున్నాను. పిలుపును తీసేశాను. హాస్య సీరియల్‌లో దానికి చోటెక్కడ?

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో కుర్రాళ్ళు దాన్ని విరగబడి విన్నారు. టీ కొట్ల దగ్గర నా ఊతపదం వినబడుతుంటే నడక మారిపోయేది నాకు. ఆయనకు నేనే ఫోనులో పెట్టి వినిపించాను. మెచ్చుకుంటాడని. ఆయన మిద్దె మీద బట్టలు ఆరేస్తూ పూర్తిగా విన్నాడు.

"మంచిగుంది సార్. నవ్వొస్తది. కాని మీవోడు ఉరికినప్పుడల్ల అందరు బతుకుతున్నరేంది?"

"హాస్యం కదండీ. అలాగే ఉండాలి."

"ఒక్కపారన్న ఎవలనన్న సంపుండ్రి. గప్పుడు సూద్దాం ఎంతమంది నవ్వుతరో."

నేను దాన్ని కూడా జోకు కిందే తీసుకుని నవ్వాను. నా మీద నాకు అసహ్యం వేసేవి చాలా ఉన్నాయి గానీ, ఆ నవ్వుకు సాటి రాదు ఏదీ.

నాయక్‌కు మూలం ఎవరో నేను దాచుకోలేదు. గొప్పగా చెప్పుకున్నాను. ఆయన పనిచేసే కోచింగ్ సెంటర్ డైరెక్టరుకూ చెప్పాను. ఆ సంస్థ మేటర్ కూడా నాదే. కొత్త నోటిఫికేషన్ వస్తుందన్న వార్త రాగానే డైరెక్టరు నన్ను గదిలోకి పిలిచాడు. మావైపు మనిషే, గుంటూరు.

"గురువుగారూ, ఈసారి మేటర్ అదిరిపోవాలి. పిల్లలంతా మీ సీరియల్ పిచ్చిలో ఉన్నారు. ఆ నాయక్ మా దగ్గరే ఉన్నాడంటే ఇక అడ్మిషన్లకు తిరుగుందా?"

"ఆయన పిరికివాణ్ణని చెప్పుకుంటారు కదండీ."

"పిరికివాడంటే పిల్లలు రారు. వినయమంటే వస్తారు. ఆయన ఎవరినో మోసుకొచ్చాడన్నారుగా, అది వేయండి."

"ఆయన్ని ఒకమాట అడుగుదామా?"

"అడిగితే ఒప్పుకుంటారా? పెద్దవాళ్ళెప్పుడూ వద్దనే అంటారు. పెళ్ళిలో వద్దన్నవాడికే కదండీ ఇంకో స్వీటు వేసేది."

అక్కడే కుర్చీలో కూర్చుని రాసిచ్చాను. 'తూటాల వర్షంలో తోటి జవానును భుజాన మోసుకొచ్చిన వీరుడు, ఇప్పుడు మీ గ్రౌండ్ ట్రైనర్.' ఒక్క మాట తీసేశాను, శవం అన్న మాట. ఒక్క మాట కలిపాను, తూటాల వర్షం. డైరెక్టరు రెండుసార్లు చదివి, నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండుకు ఎదురుగా ఒక బిల్డింగు ముఖాన్నంతా కప్పేస్తూ ఆ ఫ్లెక్సీ కట్టారు. డీటీపీ కుర్రాడు ఆయన తలను ఎవరో కమాండో ఒంటి మీద అతికించాడు. వెనక హెలికాప్టరు, మంటలు. ఆ చేతిలో ఉన్నంత తుపాకిని ఆయన జన్మలో ముట్టుకుని ఉండడు.

చూసిన రోజు ఆయన మా తలుపు కొట్టాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"శవం అన్న మాట యాడవోయింది సార్?"

నేను ప్రచారమనీ, పోటీ అనీ ఏదో గొణిగాను.

"నేను మీకు చెప్పిన్నా లేదా? ట్యాంకర్ మోటర్ కొట్లాడుతుంటె గొంతు జించుకొని చెప్పిన. పోలేదని చెప్పిన. మీరు పోయిండని రాసిండ్రు."

"తప్పే. తీయించేస్తాను."

"ఎప్పుడు?"

"మాట్లాడతాను."

"వాని దినం దగ్గరికొచ్చింది. గా బొమ్మ ఆడుండంగ నేను ఆ ఇంటికి ఏ మొఖం పెట్టుకొని పోవాలె?"

డైరెక్టరుతో మాట్లాడాను. అడ్మిషన్లు అయిపోనివ్వండి అన్నాడు. నేను సరే అన్నాను. అవును, సరే అన్నాను. అక్కడ బల్ల మీద గుద్ది రావలసింది. గుద్దితే ఆ సంస్థ పని పోతుంది, దాన్ని చూసి ఇంకో రెండు సంస్థల పనీ పోతుంది. ఆ లెక్క వేసుకుని, ఇచ్చిన కాఫీ తాగి వచ్చాను.

ఆయన నాకు ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. మర్నాడు పొద్దున గ్రౌండుకు రమ్మన్నాడు. "పోరగాండ్లకు నేను చెప్త. మీరు పక్కపొంటి నిలవడి అవునని ఒక్కమాట అనుండ్రి. రాసినోడు మీరు గద," అన్నాడు.

వెళ్ళాను. పరుగులు అయిపోయి కుర్రాళ్ళు చెమటలు కారుతూ గడ్డిలో కూర్చున్నారు. డైరెక్టరు కూడా వచ్చాడు, కొత్త బ్యాచ్‌ను చూసుకుందామని. ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఆ ఫ్లెక్సీ మీద ఉన్నది అబద్ధం. నేను పిరికోణ్ణి."

వెనక నుంచి ఈల వేశారు. ఎవడో, "ముందు మీరు పదండి సార్," అని అరిచాడు. మిగతావాళ్ళంతా ఒక్క గొంతుతో, "వెనక నేనున్నా," అన్నారు.

"నవ్వకుండ్రి. ఇనుండ్రి. నా దోస్తు రోడ్డు మీద పడి నన్ను పిలిచిండు. నేను పోలే."

చప్పట్లు. నేను రాసిన సీరియల్‌లో నాయక్ ఎంత ఎక్కువ మొత్తుకుంటే అంత గట్టిగా సైన్యం చప్పట్లు కొడుతుంది. నేనే నేర్పాను వాళ్ళకు, ఎక్కడ చప్పట్లు కొట్టాలో. ఆయన నావైపు తిరిగాడు.

"సార్, చెప్పుండ్రి."

అందరూ నావైపు చూశారు. రాసినాయన, రాసినాయన అని గుసగుసలు. డైరెక్టరు నవ్వుతూ బొటనవేలు ఎత్తి చూపించాడు. నేను నోరు తెరిచాను. చెయ్యి ఊపాను. "బాగా పరిగెత్తండి, మీ సార్ పేరు నిలబెట్టండి," అన్నాను.

ఆయన విజిల్ మెడలోంచి తీసి డైరెక్టరు చేతిలో పెట్టి, చెప్పులు వేసుకుని గేటు వైపు నడిచాడు. దానికి కూడా చప్పట్లు కొట్టారు.

దినానికి వారం ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం మా గేటు దగ్గర ఒక పెద్దమనిషి బండి ఆపాడు. దుమ్ముకొట్టిన తెల్లచొక్కా. "మిలిట్రీ ఆయన ఉంటడా ఈడ?" అని అడిగాడు. చనిపోయిన జవాను అన్న ఆయన. మిలిట్రీ సార్ మెట్లు దిగి వస్తూ సగంలో ఆగిపోయాడు.

"ఇంట్లకు రా అన్న," అన్నాడు.

"రాను. ఒక్కమాట అడిగి పోత." ఫోను తీసి ఫ్లెక్సీ బొమ్మ చూపించాడు. "మా ఊరి పిలగాడెవడో ఇది అమ్మకు జూపించిండు. అమ్మ చదివించుకున్నది. ఏమడుగుతున్నదో తెలుసునా? బతికున్నోణ్ణి మోసుకొచ్చిండంటే, మరి నా కొడుకు యాడ సచ్చిండు అని అడుగుతున్నది. దార్ల దించిండా, దవాఖానల సచ్చిండా, నాకెందుకు చెప్పలే అని అడుగుతున్నది. రెండు దినాల సంది అన్నం తింటలేదు."

"అన్న, అది నేను రాయలే."

"బొమ్మ నీదే గద. నువ్వు మాకు ఒకటి చెప్పి ఊరందరికి ఒకటి చెప్తివా? మా అమ్మ నీ మాట నమ్మి వాని చావును మింగింది. గిప్పుడు ఏది నమ్మాలె?" ఆయన బండి తిప్పుకున్నాడు. "దినం నాడు రాకు. అమ్మనే చెప్పమన్నది."

మిలిట్రీ సార్ వెనక్కి తిరిగి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. ఆ ఇల్లొక్కటి ఉంటే చాలు అన్నవాడికి ఆ ఇల్లు లేకుండా చేశాను. నాలుగు మాటల మేటర్‌తో.

అదే సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి, ఆ బిల్డింగు వాచ్‌మన్‌ను బతిమాలి మేడెక్కి తాళ్ళు కోశాను. ఫ్లెక్సీ సగం ఊడి కింద పండ్ల బండి మీద పడింది. బండివాడు బూతులు తిట్టాడు. జనం ఫోన్లు ఎత్తి తీశారు. డైరెక్టరు ఫోన్ చేసి, "మీకేమైనా పిచ్చా గురువుగారూ? ఆయన పరువు పెంచాం కదా," అన్నాడు. ఆయన పరువు ఏమిటో ఆయన చెప్పుకున్నాడు, వినడానికి మన చెవులు పనికిరాలేదు అన్నాను. ఇంకా చాలా అన్నాను. రాయదగినవి కావు. కోపం రావలసిన రోజు రాకుండా, అంతా అయిపోయాక వచ్చింది నాకు. అలాంటి కోపం ఎవరికి పనికొస్తుంది?

యాప్ వాళ్ళకు ఆఖరి భాగం ఒకటి రాసి పంపాను. అందులో నాయక్‌ను స్నేహితుడు పిలుస్తాడు, నాయక్ వెళ్ళడు, స్నేహితుడు చనిపోతాడు. అక్కడ స్క్రిప్టులు చూసే అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, ఇది కామెడీ స్లాట్ సార్. ఫ్రెండ్‌ను బతికించేయండి, సూపర్‌గా ఉంటుంది," అంది. బతికించడం నా చేతిలో లేదమ్మా అన్నాను. వాళ్ళు దాన్ని వెయ్యలేదు.

దినం నాడు నేను ఆయన వాటా తలుపు కొట్టాను. "పదండి, ఆ ఇంటికి నేనొస్తాను. నేనే చెబుతాను," అన్నాను.

"రావద్దన్నది గద."

"మిమ్మల్ని రావద్దంది. నన్ను కాదు."

"గ్రౌండుల చెప్పినట్టే చెప్తరా ఆడ గూడ?"

నేను గడప దగ్గరే నిలబడ్డాను. ఆయన లోపలికి వెళ్ళి చొక్కా వేసుకుని వచ్చాడు. ఎల్.బి. నగర్ చౌరస్తాలో సాగర్ బస్సు ఎక్కాం. దారిపొడుగునా ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నేను మాట్లాడబోయిన రెండుసార్లూ, "ఆడ మాట్లాడుండ్రి," అన్నాడు.

ఊరి మొదట్లోనే ఇల్లు. వాకిట్లో కుర్చీలు వేసి ఉన్నాయి, నలుగురైదుగురు చుట్టాలు ఉన్నారు. ఆ తల్లి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. బాగా ముసలిది. చూపు మాత్రం సూటిగా ఉంది. ఆయన్ని చూసి చేతులు ఆపింది. పెద్దకొడుకు లేచి అడ్డం రాబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

ఆయన గేటు దాటలేదు. నేను దాటాను.

"అమ్మా, ఆ ఫ్లెక్సీ రాసింది నేను," అన్నాను.

"నువ్వెవలు?"

చెప్పాను. ఆయన ఉండే ఇంటివాణ్ణన్నాను. కథలు రాస్తానన్నాను. సీరియల్ గురించి మొదలుపెట్టాను. అందులో నాయక్ ఎలా ఉంటాడో, దాన్ని జనం ఎలా విన్నారో, దాంతో డైరెక్టరు ఎలా ఆశపడ్డాడో. నా నోటికి అలవాటు పోలేదు. చీమ సంగతి దగ్గరికొచ్చేసరికి నా గొంతు తనంతట తనే హాస్యానికి మళ్ళింది. చుట్టాల్లో ఒకడు నవ్వాడు కూడా.

"చీమ సంగతి నాకెరుకే," అందామె. "ఆ కథ మాకొద్దు. నా కొడుకు పిలిచిండా లేదా?"

"పిలిచాడమ్మా."

"ఈయనకు ఇనవడ్డదా?"

"వినబడింది."

"పోయిండా?"

గేటు దగ్గర ఆయన తలవంచుకుని నిలబడి ఉన్నాడు. చుట్టాలంతా నావైపే చూస్తున్నారు. నా నాలిక మీదికి ఎన్ని మాటలొచ్చాయో చెప్పలేను. వెళ్ళే వీలు లేదమ్మా అనొచ్చు. వెళ్తే ఈయన కూడా పోయేవాడమ్మా అనొచ్చు. ఇరవై ఏళ్ళ వృత్తి మొత్తం నోట్లోకి వచ్చి నిలబడింది.

"పోలేదు," అన్నాను.

"మోసుకొచ్చినప్పుడు?"

"అప్పటికే ప్రాణం లేదు. శవాన్నే తెచ్చాడు."

ఆమె ఒళ్ళోని కాయలు చేటలోకి దులిపింది. పైట చెంగుతో కళ్ళు కాదు, చేతులు తుడుచుకుంది.

"ఇదే చెప్పిండు నాకు ఆనాడు. నా గడపకాడ నిలవడి చెప్పిండు. పిరికోడని తెలిసే అన్నం పెట్టిన. ధైర్యమంతుడైతే నాకేం పని? ధైర్యమంతులకు అన్నం పెట్టెటోళ్ళు మస్తుమందుంటరు." చేట పక్కకు నెట్టి, "నువ్వొచ్చి నన్ను మల్ల మొదటికాడికి తీస్కపోయినవ్. మల్ల సంపినవ్ నా కొడుకును," అంది.

నేను క్షమించమని అడగబోయాను. ఆమె వినలేదు. వినాల్సిన పనీ లేదు.

"యాడ అబద్ధం రాసినవో ఆడనే నిజం రాయి. ఇప్పుడు నాకు చెప్పినట్టే రాయి. మధ్యల నవ్వించకు."

నేను తలూపాను. ఆ ఫ్లెక్సీ మీదే, ఆ యాప్‌లోనే రాయడం నా చేతిలో లేకపోయింది. దీన్ని వేసుకునే చోటు వెతుక్కుంటూ ఈ పేజీల్లోకి వచ్చాను. మధ్యలో నవ్వించకు అన్న మాట ఎంతవరకు నిలబెట్టుకున్నానో తెలియదు. చీమ మళ్ళీ వచ్చింది.

ఆమె అరుగు మీంచి మెల్లగా లేచింది. గేటు వైపు చూసి ఆయన్ని పేరు పెట్టి పిలిచింది.

"ఇంక ఎంతసేపు నిలవడ్తవ్? కాళ్ళు కడుక్కొని రా. అన్నం సల్లారుతున్నది."

ఆయన వెంటనే కదల్లేదు. తర్వాత గేటు తీసి, నా పక్కనుంచి, నావైపు చూడకుండా నడిచాడు. గోలెం దగ్గర కాళ్ళు కడుక్కుని, పెద్దకొడుకు అందించిన తువ్వాలుతో తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. నేను వాకిట్లోని ఎండలో కాసేపు ఉండి, బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాను.